అప్‌డేట్: దాణా మానేసిన ఆవుకు రక్త పరీక్ష చేయించాం

ఈనిన వారం దాటాక మా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవు దాణా ముట్టడం లేదు, ఎండుగడ్డి మాత్రం తింటోంది, పాలు తగ్గాయి, రక్త పరీక్షతో ఏమైనా తెలుస్తుందా అని అడిగాను కదా. తెలిసింది.

రక్తంలో బీహెచ్‌బీ (కొవ్వు కరిగినప్పుడు కాలేయంలో తయారయ్యే ఒక కీటోన్) లీటరుకు 2.1 మిల్లీమోల్ వచ్చింది. 1.2 దాటితేనే కీటోసిస్, అంటే రక్తంలో కీటోన్లు పెరిగే జబ్బు, మొదలైనట్టు లెక్కట. ఈనాక పాలకు కావాల్సినంత శక్తి మేత నుంచి అందక ఒంట్లో కొవ్వు కరుగుతుంది, కాలేయం అదంతా వాడుకోలేక కీటోన్లుగా మార్చేస్తుంది. పాలజ్వరమేమో (రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు) అన్నారు కొందరు. కాల్షియం కూడా చూశారు, డెసిలీటరుకు 8.7 మిల్లీగ్రాములు. 8.5 పైనే ఉంది కాబట్టి ఆ టెన్షన్ తీరింది. అయినా పాలజ్వరం ఎక్కువగా ఈనిన రెండు మూడు రోజుల్లోనే వస్తుందని డాక్టరు గారు అన్నారు.

ప్రొపైలిన్ గ్లైకాల్ (కాలేయం గ్లూకోజుగా మార్చుకునే ద్రవం) రోజుకు 300 మి.లీ. చొప్పున ఐదు రోజులు తాగించమన్నారు. తల మరీ పైకెత్తి పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే అదో ప్రమాదం. బెల్లం పట్టమన్న అన్నకు: నెమరువేసే పశువుకు బెల్లం పొట్టలోనే పులుస్తుంది, రక్తంలో చక్కెరగా చేరేది చాలా తక్కువట.

ఇప్పుడు దాణా తింటోంది. పాలు ఇంకా పూర్తిగా రాలేదు.

ఇంకో చూడి ఆవు ఉంది, బాగా కొవ్వు పట్టింది. అలాంటి వాటికే ఈ జబ్బు ఎక్కువట. ఈనే ముందు నెఫా పరీక్షతో (కొవ్వు కరిగి రక్తంలోకి వచ్చే కొవ్వు ఆమ్లాలను కొలిచేది) పసిగట్టొచ్చు గానీ మా దగ్గరి ల్యాబులో అది చేయరు. అందుకే ఈనిన మొదటి రెండు వారాల్లో మీటరుతో బీహెచ్‌బీ చూద్దామనుకుంటున్నాం, ఒక్క రక్తపు చుక్క చాలు.