నాలుగేళ్ళ పిల్లవాడిది ప్రవర్తనా సమస్యా, జన్యు సమస్యా? ముందు ఏది తేల్చుకోవాలి?

కావలి తండ్రి:
మా బాబుకు వచ్చే నెలతో నాలుగేళ్ళు నిండుతాయి. నడక పద్దెనిమిదో నెలలో గాని రాలేదు, మాటలు ఇప్పటికీ ఇరవైకి మించి లేవు. సంతోషమొచ్చినా భయమేసినా చేతులు ఆడిస్తాడు, కోపం వస్తే తన చెయ్యి తానే కొరుక్కుంటాడు. మనుషుల మధ్య ఉండడం వాడికి ఇష్టమే గాని ఎవరైనా పలకరిస్తే ముఖం పక్కకు తిప్పుకుంటాడు. నెల్లూరులో చూపిస్తే ఆటిజం లక్షణాలతో పాటు అతి చురుకుదనం కూడా ఉందని స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ రాశారు. చెన్నైలో చూసినవారు మాత్రం ముందు జన్యు పరీక్ష చేయించమన్నారు. మనది మేనరికం కాదు, మన వంశంలో ఇలాంటివారు లేరు, పరీక్ష దండగ అని మా నాన్నగారి వాదన. కారణం తెలియకుండా థెరపీ ఏమిటని నా భార్య వాదన. రెండు ఖర్చులూ ఒక్కసారే భరించే స్తోమత మాకు లేదు కనుక మీ అభిప్రాయాలు అడుగుతున్నాను.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ఒంగోలు:
బాబూ, నేను మీ నాన్నగారి పక్షమే, అయితే కారణం వేరు. నా ఉద్యోగకాలంలో ఒక పిల్లవాడు చేతిలో జన్యు పరీక్ష కాగితంతో మా బడికి వచ్చాడు. అప్పటిదాకా వాడిని బల్ల దగ్గరికి పిలిచి అక్షరాలు దిద్దించిన పంతులమ్మే, ఆ కాగితం చూసిన తరువాత "పుట్టుకతో వచ్చినదానికి మనమేం చేస్తాం సార్" అని వదిలేసింది. ప్రవర్తన అన్నంతకాలం మార్చవచ్చన్న ఆశ ఉంటుంది, జన్యువు అనగానే తలరాత అనుకుంటారు. మందు లేని జబ్బుకు పేరు తెలిసి ప్రయోజనమేమిటో పరీక్ష కోరేవారు చెప్పాలి.

పిల్లల వైద్యురాలు, నెల్లూరు:
మాస్టారు గారు చెప్పిన పంతులమ్మ తప్పు కాగితానిది కాదు, ఆ కాగితాన్ని ఆమె చదివిన తీరుది. అసలు ఇది గాని అది గాని అన్న ప్రశ్నే సరిగా లేదు. ఆటిజం, ఏడీహెచ్‌డీ (అతి చురుకుదనం, నిలకడలేమి) అనేవి పిల్లవాడిని గమనించి, తల్లిదండ్రులను అడిగి పెట్టే పేర్లు. అవి ఏం జరుగుతోందో చెబుతాయి గాని ఎందుకు జరుగుతోందో చెప్పవు. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో ఏడీహెచ్‌డీకి వంశపారంపర్య ప్రభావం 70 శాతానికి పైగా కనిపించింది, కాబట్టి ప్రవర్తనా సమస్య అన్నంత మాత్రాన జన్యువులకు సంబంధం లేదని అర్థం కాదు. అక్కడ ఎన్నో జన్యువులు తలా కొంచెం పాత్ర వహిస్తాయి. కొందరు పిల్లల్లో మాత్రం ఒకే జన్యువులోని మార్పో, క్రోమోజోములో ఊడిన ముక్కో మొత్తానికి కారణమవుతుంది. మేము వెతికేది ఆ కొందరినే.

వెతకడానికి ఆనవాళ్ళు ఉంటాయి. మాటతో పాటు నడక కూడా ఆలస్యం కావడం, మూర్ఛలు, తల చుట్టుకొలత వయసుకు మించి పెరగడం లేదా పెరుగుదల ఆగిపోవడం, ఒంటి మీద ఆకు ఆకారంలో తెల్లమచ్చలు ఉండడం, వచ్చిన మాటలు, చేతిపనులు పోవడం వంటివి. ఏడాది, ఏడాదిన్నర వయసులో చేతి వాడకం మరచి, చేతులు పిసుక్కోవడం మొదలుపెట్టిన ఆడపిల్లను చూస్తే రెట్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు గుర్తుకు రావాలి. ఇవేవీ లేకుండా మాట ఒక్కటే ఆలస్యమైన పిల్లవాడి విషయంలో నేనూ అంత తొందరపడను.

కావలి తండ్రి గారూ, వినికిడి పరీక్ష అయిందా? మీ భార్య పుట్టింటి వైపు పెద్దవయసులో వణుకు వచ్చినవారు, నెలసరి త్వరగా ఆగినవారు, చదువులో బాగా వెనకబడినవారు ఎవరైనా ఉన్నారా?

కావలి తండ్రి:
బెరా పరీక్ష అయింది, వినికిడి బాగానే ఉంది. మా మామగారికి అరవై దాటిన దగ్గర నుంచి చేతులు వణుకుతున్నాయి, నడకలో తూలుతారు. పార్కిన్సన్ మందులు వాడినా గుణం కనిపించలేదు. వదినగారికి, అంటే నా భార్య అక్కకు, ముప్పై ఎనిమిదో ఏటనే నెలసరి ఆగిపోయింది. ఆమెకు ఒక్కతే కూతురు, ఆ అమ్మాయి బాగానే చదువుకుంటోంది. తాతగారి వణుకుకూ, మనవడికి మాటలు రాకపోవడానికీ సంబంధం ఉంటుందని మాకెవరూ చెప్పలేదు.

పిల్లల వైద్యురాలు, నెల్లూరు:
పిల్లవాడిని చూడకుండా నిర్ధారించలేను, నిర్ధారించకూడదు. అయినా మీరు రాసినదంతా కలిపి చదివితే ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు జబ్బుకు పరీక్ష తప్పనిసరి అనిపిస్తోంది. ఎక్స్ క్రోమోజోము మీద ఎఫ్‌ఎంఆర్1 అనే జన్యువు ఉంది, దానిని 1991లో గుర్తించారు. అందులో సీజీజీ అనే మూడక్షరాల ముక్క వరసగా పునరావృతమవుతుంది. మామూలుగా ఆ లెక్క 44 లోపు ఉంటుంది. 55 నుంచి 200 మధ్య ఉంటే ఆ మనిషిని వాహకుడు అంటాము. అలాంటివారు చాలావరకు తెలివితేటల్లో మామూలుగానే ఉంటారు గాని, మగవారిలో కొందరికి యాభై దాటాక వణుకు, తూలుడు వస్తాయి, ఆడవారిలో సుమారు అయిదుగురిలో ఒకరికి అండాశయాలు నలభై లోపే పని తగ్గిస్తాయి. 200 దాటితే జన్యువు మూతపడుతుంది, మెదడు ఎదుగుదలకు కావలసిన ఒక ప్రోటీను తయారు కాదు.

వాహకుడైన తండ్రి దానిని కూతుళ్ళందరికీ ఇస్తాడు, కాని ఆ దశలో లెక్క పూర్తి స్థాయికి పెరగదు. ఆ కూతురు తన బిడ్డకు ఇచ్చేటప్పుడే ఒక్కసారిగా 200 దాటే అవకాశం ఉంది. తాతగారు, వదినగారు, మీ బాబు ముగ్గురూ ఒకే దారం మీది పూసలు కావచ్చునని నా అనుమానం.

దీనికి మేనరికంతో పని లేదు. మేనరికంలో పెరిగేది, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఒకే లోపమున్న జన్యువు వచ్చినప్పుడు బయటపడే జబ్బుల ముప్పు. ఇది తల్లి ఎక్స్ క్రోమోజోము ఒక్కదానితోనే వస్తుంది. పెద్ద చెవులు, పొడుగు ముఖం వంటి పోలికలు కూడా ఈ వయసులో స్పష్టంగా ఉండకపోవచ్చు గనుక, ముఖం చూసి లేదనుకోవద్దు.

చీమకుర్తి అమ్మ:
మా వాడికి తొమ్మిదేళ్ళు, ఫ్రాజైల్ ఎక్స్ ఉంది. డాక్టరమ్మ గారు చెప్పని సంగతి ఒకటి చెబుతాను. మాకు మొదట మూడు నెలల జీతం పోసి, ఎన్నో జన్యువులను ఒకేసారి చదివే ఎక్సోమ్ పరీక్ష చేయించారు, అంతా బాగుందని ఫలితం వచ్చింది. ఆ పరీక్షలోగాని, క్రోమోజోముల్లో ఊడిన ముక్కలను వెతికే మైక్రోఅరే పరీక్షలోగాని ఈ పునరావృతాల లెక్క మామూలుగా బయటపడదని ఏడాది తరువాత వేరేచోట తెలిసింది. విడిగా ఈ ఒక్క పరీక్షే చేస్తే ఖర్చు కూడా చాలా తక్కువైంది. కాబట్టి "జన్యు పరీక్ష" అని ఊరుకోకుండా ఏ పరీక్షో పేరు రాయించుకోండి.

మాస్టారు గారూ, పేరు తెలిసి మాకేమి ఒరిగిందని అడిగారు. అంతకుముందు థెరపీలో మా వాడి గడ్డం పట్టుకుని "నా కళ్ళలోకి చూడు" అని బలవంతపెట్టేవారు, వాడు చెయ్యి కొరుక్కునేవాడు. వీళ్ళకు ఎదుటివారి చూపే భయం కలిగిస్తుందని తెలిశాక పక్కన కూర్చుని నేర్పడం మొదలుపెట్టారు, కొరకడం సగానికి సగం తగ్గింది. మా చెల్లెలు గర్భం దాల్చకముందే పరీక్ష చేయించుకోగలిగింది. ఇంకోవైపు ఫలితం వచ్చిన రోజు నుంచి మా అత్తగారి నోట "పుట్టింటి నుంచి తెచ్చిన జబ్బు" అన్న మాట పోలేదు. రక్తం తీయకముందే ఒకరు కూర్చుని ఈ సంగతి ఆడమనిషికి చెప్పాలి. నాకు ఎవరూ చెప్పలేదు.

స్పీచ్ థెరపిస్టు, కోవూరు:
పరీక్ష చేయించండి, కాదనను. కాని ఫలితం వచ్చేదాకా థెరపీ ఆపి కూర్చున్న కుటుంబాలను నేను చాలా చూశాను. ఏ ఫలితం వచ్చినా నాలుగేళ్ళవాడికి మాట నేర్పే పని మాత్రం మారదు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ఒంగోలు:
చూపు సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే మా బడిలో ఇద్దరు ముగ్గురిని తల పైకెత్తమని గద్దించి ఉండేవాడిని కాను. పేరు పెట్టాక చేతులెత్తేస్తారన్న నా భయం మాత్రం పోలేదు. బాబూ, డబ్బు సంగతి అన్నావు గనుక చెబుతున్నాను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఎదుగుదల లోపాలను ఉచితంగా చూస్తారు. జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల లోపాలకు తొలిదశలోనే చికిత్స చేసే ప్రభుత్వ కేంద్రానికి, అంగన్వాడీ ద్వారా రాయించుకుని వెళ్ళు. థెరపీ అక్కడ మొదలుపెట్టి, చేతిలో ఉన్న డబ్బు ఆ ఒక్క పరీక్షకు వాడుకో.

కావలి తండ్రి:
సోమవారం డీఈఐసీకి వెళుతున్నాము. పరీక్షకు నా భార్య సిద్ధమే. చీమకుర్తి అమ్మగారి మాటలు ఆమెకు రెండుసార్లు చదివి వినిపించాను. ఫలితం ఏదైనా ముందు మా ఇద్దరికే తెలియాలని, మా అమ్మానాన్నలకు నేనే చెప్పాలని అనుకున్నాము. వదినగారి అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. ఆమెకు ఈ అనుమానం ఇప్పుడే చెప్పాలా, ఫలితం చేతికి వచ్చాక చెప్పాలా అన్నది మాత్రం రాత్రంతా మాట్లాడుకున్నా మాకు తేలలేదు.