ఫ్రెండ్ పేరు మీద పిల్లల క్యాన్సర్ రీసెర్చ్‌కి డబ్బులివ్వాలి, ఎలా?

వెనకబెంచి:
మా టెన్త్ ఫ్రెండ్ ఒకడు బ్లడ్ క్యాన్సర్‌తో పోయాడు, అప్పటికి పదిహేనేళ్ళు వాడికి. కీమో అయ్యి స్కూల్‌కొచ్చిన రోజుల్లో మేం క్యారేజీ మూతలు తీస్తే వాసన పడక వరండాలోకెళ్ళి కూర్చునేవాడు, మేమేమో బుద్ధిలేక పులిహోర తిందువు రారా అని పిలిచేవాళ్ళం. మొన్న గెట్ టుగెదర్‌లో వాడి మాటొచ్చి తలా కొంత వేస్తే లక్షా అరవై వేలైంది. పిల్లల క్యాన్సర్ రీసెర్చ్‌కిద్దామని ఉంది. ఎవరికిస్తే మంచిది?

బోస్టన్‌బాబు:
ఇక్కడ అమెరికాలో సెయింట్ బాల్డ్రిక్స్ అనే ఛారిటీ 2000 నుంచి ఉంది, జనం గుండు కొట్టించుకుని చందాలు పోగేస్తారు (మనకి గుండు కొత్తా!), ఆ డబ్బు పిల్లల క్యాన్సర్ రీసెర్చ్ గ్రాంట్లకే. అమెరికాలో ఉన్న మీ వాళ్ళని కంపెనీ మ్యాచింగ్ (మనమిచ్చినదానికి జతగా కంపెనీ కూడా వేయడం) ఉందేమో చూడమనండి. అన్నట్టు 1947 చివర్లో ఈ బోస్టన్‌లోనే సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) పిల్లలకిచ్చిన అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి టీమే. దాని తర్వాతొచ్చిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు.

లెక్కలమాస్టారు:
ఒకరి అకౌంట్‌లో పోగేసి పంపకండి, రసీదు ఆ ఒక్కరి పేరునే వస్తుంది. ఎవరికి వాళ్ళు డైరెక్ట్‌గా పంపితే 80జి (డొనేషన్ మీద ట్యాక్స్ మినహాయింపు) వాడుకోవచ్చు, అదీ పాత ట్యాక్స్ రెజీమ్‌లో ఉంటేనే, క్యాష్ అయితే 2000 దాటితే రాదు. రీసెర్చ్‌కే అంటే టాటా మెమోరియల్ క్యాన్సర్ హాస్పిటల్ వాళ్ళకి నవీ ముంబైలో యాక్ట్రెక్ అనే రీసెర్చ్ సెంటర్ ఉంది, ముందే మాట్లాడి దేనికిస్తున్నారో లెటర్‌లో రాయండి.

చిన్నూ అమ్మ:
తమ్ముడూ, మా బాబుకి హైదరాబాద్‌లో రెండున్నరేళ్ళు నడిచింది ట్రీట్‌మెంట్. మందు ఫ్రీగా వచ్చినా రూం అద్దె కట్టలేక మధ్యలో మానేసి ఊరెళ్ళిపోయినవాళ్ళని కళ్ళారా చూశా. సెయింట్ జూడ్ ఇండియా అని ఉంది, పిల్లాడికీ అమ్మానాన్నలకీ ఫ్రీగా గది, ఎవరి వంట వాళ్ళు చేసుకోవచ్చు. రీసెర్చ్ వద్దనను గానీ ఇదీ ఆలోచించండి.

వెనకబెంచి:
థాంక్స్ అక్కా. వాడికి వెన్నులో ఎక్కించే పసుపు రంగు ఇంజెక్షన్ ఆ మెథోట్రెక్సేటేనంట, నిన్న వాళ్ళమ్మగారు ఫైల్ తీసి చూపించారు. మీ మెసేజ్ చదివి వినిపిస్తే, "పొయ్యి ఉంటుందా ఆ గదిలో? మావాడికి హోటల్ తిండి సయించేది కాదురా" అన్నారు. లక్ష గదులకి, అరవై వేలు రీసెర్చ్‌కి అనుకున్నాం. రసీదులు మాత్రం మాస్టారు చెప్పినట్టే, ఎవరివి వాళ్ళకి.