బుధవారం పాపకి 14 వారాల టీకాలు, పోయినసారి రాత్రి తలుచుకుంటేనే దడ

బోడుప్పల్ అమ్మ:

నమస్తే అందరికీ. మా పాపకి వచ్చే బుధవారం 14 వారాల టీకాలు. అన్నీ మా ఇంటి దగ్గర ఆరోగ్య కేంద్రంలోనే వేయిస్తున్నాం. ఆరో వారంలో మూడు సూదులు పడినా ఇంటికొచ్చి పాలు తాగి పడుకుంది. పదో వారంలో ఎడమ తొడకి ఒక్కటే సూది. ఒక్కటే కదా అని ధీమాగా వెళ్ళొచ్చాం. సాయంత్రం ఆరింటికి మొదలైంది, గుక్కపట్టి ఏడుపు. డైపర్ మార్చడానికి కాలెత్తితే చాలు, మొహం కందగడ్డ అయిపోయేది. ఒళ్ళు వెచ్చబడింది, థర్మామీటరులో 100.8. నర్సమ్మ ఇచ్చిన చుక్కలు వేశాం.

మా వారు పాపని భుజాన వేసుకుని ఒంటిగంట దాకా డాబా మీద నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగారు. ట్యాంకు నిండి నీళ్ళు పొర్లుతుంటే ఆ చప్పుడుకి మాత్రం ఊరుకుంది. అందుకని మోటారు ఆపలేదు. పొద్దున కింది వాటా ఆవిడ వచ్చి అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

ఇంట్లో రెండు పార్టీలు. ఆముదం రాసి ఉప్పు మూటతో కాపడం పెడితే గడ్డ కరుగుతుందని అత్తయ్య. ఐసు పెట్టమని గుంటూరు నుంచి ఫోన్లో మా అమ్మ. దిష్టి దగ్గర మాత్రం ఇద్దరూ ఒకే మాట. ఎండుమిరపకాయలు కాలుస్తుంటే ఘాటు రాలేదట, ఇంకేం కావాలి వాళ్ళకి! సూది పడినచోట శనగగింజంత గట్టిగా ఇప్పటికీ చేతికి తగులుతోంది. బుధవారం మళ్ళీ మూడు సూదులట. మీరంతా పిల్లల్ని ఎలా ఊరుకోబెట్టారు? బయల్దేరే ముందే జ్వరం చుక్కలు వేసెయ్యమని పక్కింటావిడ అంటోంది, వెయ్యొచ్చా?

మియాపూర్ నాన్న:

అక్కా, మాకు కవలలు. ఒకడికి సూది పడగానే రెండోవాడు తన వంతు రాకుండానే అందుకునేవాడు. మాకు పనిచేసింది ఒకటే. సూది వేసే ముందు నుంచే పాలు పట్టించడం. ఏడుపు మొదలయ్యాక రొమ్ము అందిస్తే నోరు పట్టరు. రెండు మూడు నిమిషాల ముందే మొదలుపెట్టి, సూది వేసేటప్పుడు, తర్వాత కూడా తాగనివ్వాలి. బల్ల మీద పడుకోబెట్టకుండా ఒళ్ళోనే పట్టుకుంటానని నర్సమ్మకి ముందే చెప్పండి. టీకా నొప్పి తగ్గించడం గురించి 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లోనూ ఇవే ఉన్నాయి. ముందుగా పారాసిటమాల్ వెయ్యొద్దని కూడా అందులోనే ఉంది.

ఇంకో సంగతి, సీసా చూసుకోండి. మా ఇంట్లో రెండుండేవి. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 120. రాత్రి రెండింటికి నిద్రమత్తులో, సిరప్‌కి రాసిన 2.5 మిల్లీలీటర్లు చుక్కల సీసాలోంచి తీశాను. మా ఆవిడ చూసి సిరంజి లాక్కుంది. లేకపోతే నాలుగింతల మందు లోపలికి పోయేది. ఆ రాత్రే రెండో సీసా పారేశాం. పాప బరువు చూసి ఎంత వెయ్యాలో నర్సమ్మ చేతే కార్డు మీద రాయించుకోండి.

రిటైరైన ఏఎన్ఎం:

బిడ్డా, ఇన్నేండ్లు బుధవారం, శనివారం వచ్చిందంటే పొద్దుగాల్నే టీకాల డబ్బ పట్టుకొని బస్తీలకు పోయిన దాన్ని. సూదులు ఎన్నని లెక్కపెట్టుకుంట కూసున్నవు, ఏ సూదో చూసుకోవాలె. పదో వారంల పడ్డది పెంటా. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, మెదడు పొరల వాపు, నిమోనియా తెచ్చే హిబ్ క్రిమి, అయిదిటికి ఒక్కటే సూది. దాంట్ల కోరింత దగ్గు మందుతోనే జ్వరం, గడ్డ ఎక్కువ.

ఈసారి ఎడమ తొడకు మళ్ళ పెంటా, కుడి తొడకు నిమోనియాది పీసీవీ, కుడి భుజానికి పోలియో సూది. నోట్లె పోలియో చుక్కలు, విరేచనాలు రాకుండ ఏసే రోటా. రోటా ముందుగాల ఏయమను, తియ్యగుంటది, చప్పరించుకుంట ఉంటది. చుక్కలైనంక పాలియ్యొద్దని కొందరంటరు, అట్లేం లేదు.

రుద్దకు. కాపడం వద్దు, లేత తోలు కాలుతది. మీ అత్తమ్మను ఏమనకు, మా అమ్మ గూడ గట్లనే చేసేది. ఐసు గూడ వద్దు. పాత నూలు చీర ముక్క చన్నీళ్ళల్ల ముంచి, పిండి, సూది పడ్డ కాడ మెల్లగ ఆనియ్యి. గడ్డ కొన్ని వారాలకు అదే కరుగుతది. ఎర్రగై పెరుగుకుంట పోతెనో, చీము పడితెనో చూపియ్యాలె.

నాకు ఒక్కటి నచ్చలె. ఆరింటి కెల్లి ఒంటిగంట దాక అన్నవు. నడుమ ఊకున్నది గాబట్టి సరిపోయింది. మూడు గంటలు ఆపకుంట ఏడిస్తె ఇంట్ల కూసోవద్దు. మూడు నెలలు నిండని పిల్లకు జ్వరమొస్తె డాక్టరుకు ఫోనన్న చెయ్యాలె. ఫిట్సొచ్చినా, పిల్ల సోలిపోయినా, పాలు ముట్టకున్నా, 102 దాటినా దవాఖానకు ఉరకాలె. సూదైనంక అరగంట ఆడ్నే కూసో, ఆటో ఆగదని లేవకు.

కొండాపూర్ నుంచి:

ప్రైవేటులో నొప్పిలేని టీకా ఉంటుంది కదా, అది వేయించండి.

రిటైరైన ఏఎన్ఎం:

నొప్పిలేనిదని పేరే గానీ సూది సూదే బిడ్డా. దాంట్ల జ్వరం, వాపు తక్కువుంటయి, గది నిజం. పైసలుంటే ఏయించుకోవచ్చు. లేకుంటే బాధపడే పనిలేదు.

బోడుప్పల్ అమ్మ:

వేయించుకొచ్చాం. పాప 5.9 కిలోలు. ఎన్ని చుక్కలో కార్డు వెనక రాయించాను. మూడింట్లో రెండు సూదులు పాలు తాగుతుండగానే అయిపోయాయి. పీసీవీకి మాత్రం రొమ్ము వదిలేసి ఒక్క కేక పెట్టింది, మళ్ళీ పట్టుకుంది. అరగంట కూర్చున్నాం. మా వారు ఆఫీసు ఫోన్లు పది వచ్చినా లేవలేదు.

సాయంత్రం 100.4 ఉంటే ఒకసారి చుక్కలు వేశాం. ఏఎన్ఎం అమ్మ రాసింది అత్తయ్యకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపటికి తన వెంకటగిరి చీర కొంగు కొంచెం చింపి, బిందెలో నీళ్ళలో ముంచి తెచ్చారు. తొడ మీద ఆనించి, ఆరినప్పుడల్లా మళ్ళీ తడుపుతూ కూర్చున్నారు. ఏడుపు లేదని కాదు, ఉంది. ఎత్తుకుంటే ఆగే ఏడుపు.

పదింటికి మళ్ళీ రాగం తీస్తే మా వారు ఫోన్ తీశారు. ట్యాంకు పొర్లే చప్పుడు ముందే రికార్డు చేసి పెట్టుకున్నారట. నీళ్ళు వృథా కాకుండా అదే పెట్టుకుని పాపతో డాబా మీద తిరిగారు. అయిదు నిమిషాల్లో కింది వాటా ఆవిడ పరుగున పైకొచ్చారు, మోటారు కట్టెయ్యమని.