అక్టోబర్ సాహిత్య సాయంత్రం: యుద్ధం తర్వాతి పల్లెటూరి మిస్టరీలు (వాలంటీర్ల చర్చ)

సాహిత్య విభాగం:
అందరికీ నమస్కారం. హాల్ ఖాయమైంది. అక్టోబర్ చివరి శనివారం, మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 9 దాకా మనదే. దీపావళి కార్యక్రమం నవంబర్‌లో ఉంది కాబట్టి ఈ తేదీ ఇక మారదు.

ఈసారి మాట్లాడుకునేది రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఇంగ్లండ్ పల్లెటూళ్లలో నడిచే మిస్టరీ నవలల గురించి. ముఖ్యంగా ఒక్క పుస్తకం పెట్టుకున్నాం: అగాథా క్రిస్టీ 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్', 1950లో వచ్చింది. ఊరి పేరు చిప్పింగ్ క్లెగ్‌హార్న్, హంతకుల్ని పట్టుకునేది ఊలు అల్లుకునే మిస్ మార్పుల్ అనే ముసలావిడ. శుక్రవారం పొద్దున పేపర్లో ఒక ప్రకటన వస్తుంది. అక్టోబర్ 29 శుక్రవారం సాయంత్రం 6.30కి ఫలానా ఇంట్లో హత్య జరుగుతుంది, స్నేహితులు దీన్నే ఆహ్వానంగా భావించాలి అని. ఊరంతా ఇదేదో ఆట అనుకుని ముస్తాబై వెళ్తారు. 6.30కి దీపాలు ఆరిపోతాయి. ఇంతకు మించి కథ ఇక్కడ ఎవరూ రాయొద్దు. చాలామంది ఇంకా చదువుతున్నారు.

డెకరేషన్ గురించి ముందే ఒక మాట. రక్తపు మరకలు, చాక్‌తో గీసిన శవం బొమ్మ, పసుపు పోలీసు టేపు, ఇవేవీ వద్దని నా గట్టి అభిప్రాయం. ఈ నవలల్లో నన్ను కట్టిపడేసేది హత్య కాదు, ఆ కాలం. యుద్ధం గెలిచినా ఇంట్లో వెన్న లేదు, బొగ్గు లేదు, పక్కింట్లో దిగినవాళ్లు ఎవరో తెలియదు. మన కార్యక్రమంలో అది కనిపించాలి.

పెద్దల బృందం:
అమ్మాయ్, మేం కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివి పెరిగినవాళ్లం. యుగంధర్ ఉంటాడు, అసిస్టెంట్ రాజు ఉంటాడు, అదొక పద్ధతి. ఇక్కడేమో ఒక ముసలావిడ ఊలు అల్లుకుంటూ కూర్చుని హంతకుల్ని పట్టుకుంటుందంటున్నావు. మా బ్యాచ్ వాళ్లకి ఇది ఎలా చెప్పి ఒప్పించాలి?

సాహిత్య విభాగం:
బాబాయి గారూ, మంచి ప్రశ్న. నిజానికి మొదటి అరగంట దీని మీదే పెడదామనుకుంటున్నాను. మీరే మొదలుపెట్టండి. యుగంధర్ గురించి పది నిమిషాలు మాట్లాడండి, అక్కడి నుంచి నేను అందుకుంటాను.

మిస్ మార్పుల్ 1927 డిసెంబర్‌లో ఒక చిన్న కథలో మొదటిసారి కనిపించింది. 1930లో నవలకి ఎక్కింది. ఉద్యోగం లేదు, లైసెన్స్ లేదు, కారు లేదు. ఆమె దగ్గరున్నదల్లా సెయింట్ మేరీ మీడ్ అనే తన ఊరు. కొత్త మనిషిని చూడగానే, ఈయన మా ఊళ్లో ఫలానా చేపల కొట్టాయనలా ఉన్నాడే, ఆయన ఏం చేశాడంటే అని మొదలుపెడుతుంది. మన అమ్మమ్మలు సాయంత్రం అరుగు మీద కూర్చుని వీధి మొత్తం మనసులో రాసిపెట్టుకునేవాళ్లు చూడండి, అచ్చం అదే చదువు.

అయితే 1950 నాటికి ఆ చదువు చెల్లకుండా పోతోంది. ఈ పుస్తకం గొప్పదనం అక్కడే ఉంది. మార్పుల్ ఇన్‌స్పెక్టర్‌తో చెప్పే ఒక పేజీ ఉంది, దయచేసి అందరూ అది చదవండి. పదిహేనేళ్ల క్రితమైతే ఊళ్లో ఎవరెవరో అందరికీ తెలుసు, కొత్తగా ఎవరైనా దిగితే తెలిసినవాళ్ల దగ్గర్నుంచి పరిచయం ఉత్తరం తెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు పెద్ద ఇళ్లు అమ్ముడయ్యాయి, జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఉంటున్నారు, వాళ్ల గురించి వాళ్లు చెప్పుకున్నదే మనకు తెలిసింది అంటుంది. ఇండియా నుంచి తిరిగొచ్చినవాళ్ల ప్రస్తావన కూడా అందులో ఉంది. ఆ ఊళ్లోనే ఇండియాలో పనిచేసి వచ్చిన ఒక కల్నల్ ఉంటాడు. అప్పటి గుర్తింపు కార్డు మీద నంబరే తప్ప ఫొటో ఉండదు, వేలిముద్ర ఉండదు. ఆ కార్డులు 1952 ఫిబ్రవరి దాకా నడిచాయి. ఊరు మారి, దేశం మారి ఇంగ్లండ్ వచ్చి, మన గురించి మనం చెప్పుకుంటే తప్ప ఎవరికీ తెలియని చోట బతుకుతున్నవాళ్లం మనం. ఈ పేజీ మన హాల్లో చదివితే తగిలే తీరు వేరుగా ఉంటుంది.

పెద్దల బృందం:
సరే, పది నిమిషాలు నాది. పాత పుస్తకాల అట్టలు రెండు మూడు నా దగ్గర ఉన్నాయి, తెస్తాను.

వంటల బృందం:
అక్కా, మెనూ సంగతి తేల్చండి. సమోసా, టీ, కేక్ చాలా? రేషన్ టేబుల్ అన్నారు, అదేంటో సరిగ్గా అర్థం కాలేదు.

సాహిత్య విభాగం:
వదినా, తిండికి లోటు చేయం, కంగారు పడకండి. రేషన్ టేబుల్ చూడటానికి మాత్రమే. యుద్ధకాలంలో, ఆ తర్వాత కూడా ఇంగ్లండ్‌లో రేషన్ కింద ఒక మనిషికి ఒక వారానికి వచ్చిన సరుకు నిజంగా తూచి ఒక పళ్లెంలో పెడదాం. ఏడాదిని బట్టి మారేది కానీ, మామూలుగా చెప్పే లెక్క ఇది: వెన్న 2 ఔన్సులు, అంటే సుమారు 57 గ్రాములు. టీపొడి కూడా అంతే. చక్కెర 8 ఔన్సులు, సుమారు 227 గ్రాములు. జున్ను 2 ఔన్సులు. గుడ్డు ఒకటి. మాంసం మాత్రం బరువుని బట్టి కాదు, ధరని బట్టి ఇచ్చేవాళ్లు. శాకాహారులమని రాయించుకున్నవాళ్లకి మాంసం బదులు జున్ను ఎక్కువ వచ్చేది. కాబట్టి పక్కనే ఒక శాకాహారి పళ్లెం కూడా పెడదాం, మనవాళ్లు ముందు దాని దగ్గరే ఆగుతారు.

టీ మీద రేషన్ 1952 అక్టోబర్‌లో పోయింది, చక్కెర మీద 1953లో, మాంసం మీద 1954 జూలై 4న. యుద్ధం 1945లోనే అయిపోయింది! ఇంకో సంగతి, యుద్ధం నడిచినంతకాలం లేని బ్రెడ్ రేషన్ 1946 జూలైలో పెట్టారు, రెండేళ్లు ఉంచారు. ఇవన్నీ పెద్ద అక్షరాలతో ఒక చార్ట్ మీద రాయించండి.

ఇప్పుడు నవలలోకి వస్తే, ఆ ఊరి దగ్గర ఒక పొలంవాళ్లు గురువారం వెన్న తీస్తారు. తెలిసినవాళ్లకి గుట్టుగా కాస్త ఇస్తారు. ఇది చట్టానికి విరుద్ధం. ఒకరు తెచ్చి ఇంటింటికీ ఇస్తారు, బదులుగా వీళ్లు దోసకాయలో ఇంకేవో ఇస్తారు. అందుకే ఊళ్లో ఎవరి తలుపుకీ గడియ ఉండదు, ఎవరు ఎవరింట్లోకి వెళ్లినా అడిగేవాళ్లు లేరు. ఇన్‌స్పెక్టర్ ఈ సంగతి రాబట్టడానికి నానా తంటాలు పడతాడు. నా లెక్కలో పుస్తకం మొత్తంలో చక్కటి చోటు అదే. వెన్న ముద్ద చేతులు మారిన దారి పట్టుకుంటే ఊరి గుట్టంతా తెలుస్తుంది.

కేక్ సంగతి. నవలలో వంటమనిషి మిట్జీ పుట్టినరోజుకి ఒక చాక్లెట్ కేక్ చేస్తుంది, దానికి ఇంట్లో కుర్రాడు 'డెలీషియస్ డెత్' అని పేరు పెడతాడు. వెన్న అమెరికా నుంచి ఎవరో పంపిన డబ్బాలోది, కిస్‌మిస్ క్రిస్మస్‌కని దాచిపెట్టుకున్నది. అలాంటి కేకే పెడదాం, గుడ్డు లేనిది ఒకటి, గుడ్డు వేసినది ఒకటి. లేబుళ్లు తప్పనిసరి. గింజల అలర్జీ ఉన్న పిల్లలు ఉన్నారు కాబట్టి బాదం, జీడిపప్పు జోలికి వెళ్లొద్దు.

పిల్లల బృందం:
పిల్లలకి హత్య కథ వద్దండి, తల్లిదండ్రులు అడుగుతున్నారు. పక్క గదిలో వేరే ఏదైనా పెడతాం.

సాహిత్య విభాగం:
పూర్తిగా ఒప్పుకుంటాను. మిఠాయి కూపన్ల ఆట పెట్టండి. అప్పట్లో మామూలుగా ఒక్కొక్కరికి 4 వారాలకి 12 ఔన్సులు, సుమారు 340 గ్రాముల మిఠాయి మాత్రమే. ఒక్కో పిల్లకి కాగితం కూపన్లు ఇచ్చి, 4 వారాలు సరిపెట్టుకోమనండి. 1949 ఏప్రిల్‌లో ఒకసారి మిఠాయిల మీద రేషన్ ఎత్తేస్తే జనం కొట్ల మీద పడ్డారు. సరుకు చాలక ఆగస్టులో మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఆట మధ్యలో రేషన్ ఎత్తేశాం అని అరవండి, ఏం జరుగుతుందో వాళ్లకే అర్థమవుతుంది. మిఠాయి రేషన్ చివరికి 1953 ఫిబ్రవరిలో పోయింది.

యువ బృందం:
మేం మొదటి దృశ్యాన్ని తెలుగులో నాటకంగా వేద్దామని డైలాగులు మొదలుపెట్టాం. పన్నెండు పాత్రలు. మిట్జీకి యాస పెట్టి మంచి కామెడీ చేయొచ్చు.

సాహిత్య విభాగం:
ఉత్సాహం చూస్తే సంతోషంగా ఉంది, కానీ రెండు కారణాల వల్ల ఇది వద్దు.

ఒకటి హక్కులు. అగాథా క్రిస్టీ 1976 జనవరిలో చనిపోయారు. ఇక్కడి చట్టం ప్రకారం రచయిత పోయిన ఏడాది తర్వాత ఇంకో 70 ఏళ్లు, అంటే 2046 చివరి దాకా హక్కులు ఉంటాయి. అనుమతి లేకుండా నాటకంగా మార్చి వేయకూడదు. కానీ ఒక్క మనిషి నిలబడి, పుస్తకం పేరు, రచయిత పేరు చెప్పి, తగినంత భాగం పైకి చదవడానికి చట్టమే వీలిచ్చింది. కాబట్టి చదువుదాం. చదివేది ఒక్కరే.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. మిట్జీ యూరప్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన శరణార్థి. తను యూనివర్సిటీలో చదువుకున్నదాన్నని చెప్పుకుంటుంది, ఇక్కడ వంట చేస్తోంది. పోలీసుని చూస్తే వణికిపోతుంది. ఇంట్లోవాళ్లు ఆమె అన్నీ అబద్ధాలే చెబుతుందని కొట్టిపారేస్తారు. రచయిత్రి కూడా ఆమెని చాలా చోట్ల నవ్వించడానికే వాడుకుంది. ఆ కాలపు ఇంగ్లిషు నవలల్లో పరాయి దేశం మనిషిని చూసే చూపు అలాగే ఉండేది, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ మన యాసని ఆఫీసుల్లో, బస్సుల్లో ఎవరైనా అనుకరిస్తే ఎలా ఉంటుందో మనకు తెలుసు. అదే మనం స్టేజి మీద చేస్తే నేను చూడలేను. ఆమె మాటలు మామూలు గొంతుతో చదివి, తర్వాత పది నిమిషాలు ఆమె గురించే మాట్లాడుకుందాం. ఆ చర్చ మీరే నడపండి. యువ బృందం అడిగితేనే ఆ ప్రశ్నలకి పదును ఉంటుంది.

యువ బృందం:
అర్థమైందక్కా. చర్చ మేం తీసుకుంటాం. మరి 6.30కి దీపాలు ఆర్పడమైనా ఉంటుందా?

హాల్ ఏర్పాట్లు:
హాల్ వాళ్లతో మాట్లాడాను. అత్యవసర ద్వారాల బోర్డులు వెలుగుతూనే ఉండాలి, నడిచే దారిలో కుర్చీలు ఉండకూడదు. అక్టోబర్ చివర్లో 6 గంటలకల్లా చీకటి పడుతుంది కాబట్టి కర్టెన్లు కూడా అవసరం లేదు. కాకపోతే పెద్దవాళ్లు ఉంటారు, కొందరికి బీపీ. ఒక్కసారిగా ఆర్పితే టెన్షన్ పడతారు.

సాహిత్య విభాగం:
అన్నయ్యా, ముందే మైకులో చెప్పి ఆర్పుదాం. అందరూ కూర్చున్నాకే, 20 సెకన్లు మాత్రమే. తలుపు దగ్గర ఒకరు టార్చి పట్టుకుని జనం వైపు తిప్పాలి, చేతులు పైకెత్తమని గట్టిగా అనాలి. ముఖాల మీద కాదు, ఛాతీ ఎత్తున. దీపాలు వెలిగాక ప్రతి ఒక్కరూ కాగితం మీద రాయాలి: ఎవరు వచ్చారు, ఏ చేత్తో టార్చి పట్టుకున్నారు, పక్కన కూర్చున్నవాళ్లు కదిలారా. ఎదురుగా వెలుగు పడితే దాని వెనకున్నది కనిపించదు. అయినా జనం చూశామనే రాస్తారు, చూడండి. నవలలో పోలీసులకి ఎదురయ్యే చిక్కు ఇదే. కళ్లకి వెలుగు పడనివాళ్లు, చీకట్లో కదలకూడదనుకునేవాళ్లు వెనక వరసలో, లైటున్న వరండా పక్కన కూర్చోవచ్చు.

ఆదివారం సంగతి కూడా ఇక్కడే. ఆసక్తి ఉన్నవాళ్లం రెడింగ్ నుంచి రైల్లో చోల్సీ వెళ్తాం. అక్కడి సెయింట్ మేరీ చర్చి ఆవరణలో అగాథా క్రిస్టీ సమాధి ఉంది, స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. తర్వాత వాలింగ్‌ఫోర్డ్. ఆవిడ 1934 నుంచి చివరిదాకా ఉన్న వింటర్‌బ్రూక్ హౌస్ ఆ ఊరి చివరే. అది ఇప్పుడూ మనుషులుండే ఇల్లు, రోడ్డు మీద నుంచే చూసి కదిలిపోదాం, గేటు దగ్గర గుంపుగా ఫొటోలు వద్దు. వానాకాలపు బూట్లు వేసుకోండి, చర్చి దారి బురదగా ఉంటుంది.

చదవడం పూర్తయినవాళ్లు ఇంకో పుస్తకం అడుగుతున్నారు. 1962లో వచ్చిన 'ది మిర్రర్ క్రాక్డ్ ఫ్రమ్ సైడ్ టు సైడ్' చదవండి. అందులో సెయింట్ మేరీ మీడ్ పక్కనే కొత్త కాలనీ వెలుస్తుంది, పాత కొట్టు ఉన్నచోట సూపర్ మార్కెట్ వస్తుంది. మార్పుల్ ముసలిదైపోయి, ఆ కొత్త కాలనీ చూడాలని ఎవరికీ చెప్పకుండా ఒక్కతే నడుచుకుంటూ వెళ్తుంది. మనలో చాలామంది ఇళ్లు అలాంటి కాలనీల్లోనే ఉన్నాయి.

ఇంకా తేలనివి: తూచడానికి వంటింటి కాటా కావాలి, ఔన్సులు చూపించేది అయితే మంచిది. టార్చి పట్టుకునే మనిషి కావాలి, పొడుగ్గా ఉండి గొంతు బాగుండాలి. మార్పుల్ పేజీ చదవడానికి పెద్దల బృందంలో ఎవరైనా ఒక ఆవిడ ముందుకొస్తే బాగుంటుంది. లేకపోతే నేనే చదువుతాను. వచ్చే బుధవారం రాత్రిలోగా ఇక్కడ పేర్లు రాయండి, గురువారం హాల్ వాళ్లకి లిస్టు పంపాలి.

పెద్దల బృందం:
పేజీ మీ పిన్ని చదువుతానంటోంది. కళ్లజోడు నంబరు మారింది, పెద్ద అక్షరాల ప్రింటు తీసి పంపు.