భౌతిక, రసాయన, జీవ సముద్ర శాస్త్రాల్లో పరిశోధన: నా ప్రశ్న ఏ శాఖది?

తొలియేడు (ప్రశ్న):

భౌతిక శాస్త్రంలో ఎం.ఎస్సీ. పూర్తి చేసి సముద్ర శాస్త్రంలో పీహెచ్‌డీకి చేరాను. మొదటి ఏడాది మూడు శాఖల పాఠాలూ చదవాలి. ఏడాది చివర భౌతిక, రసాయన, జీవ శాఖల్లో ఒకదాన్ని, దానితోపాటు గైడ్‌నూ ఎంచుకోవాలి. చిక్కేమిటంటే, నన్ను పట్టుకున్న విషయం ఏ శాఖకు చెందుతుందో నాకే తేలడం లేదు. ఉపఉష్ణమండల మహాసముద్రం నడుమ తీసిన ఒక గ్రాఫును ఈ మధ్య సెమినారులో చూపించారు. పైపొరలో నైట్రేట్ దాదాపు లేదు, పత్రహరితమూ అంతంతమాత్రమే. కానీ 110 మీటర్ల లోతున, వెలుతురు ఉపరితలంతో పోలిస్తే ఒక శాతానికి పడిపోయే చోట, పత్రహరితం గుట్టలా పెరిగి మళ్లీ తగ్గిపోయింది. అక్కడి జీవులకు నైట్రేట్ ఏ దారిన, ఎంత అందుతోంది అన్నదే నేను తేల్చుకోవాలనుకుంటున్న విషయం. భౌతిక శాఖలో చేరితే జీవుల సంగతి వదులుకోవాలా? రసాయన శాఖలో చేరితే ప్రయోగశాల పని అలవాటు లేని నేను నెగ్గుకురాగలనా? సముద్ర ప్రయాణం నాకు పడదేమోనన్న అనుమానం కూడా ఉంది కనుక, ఓడ ఎక్కకుండా ఈ పని సాగుతుందా అన్నది కూడా తెలుపగలరు.

వింక్లర్‌సీసా:

తొలియేడు గారూ, శాఖల పేర్లు పాఠాలను విడదీసినంతగా పనిని విడదీయవు. 24 నిస్కిన్ సీసాల (కోరిన లోతున మూత పడి అక్కడి నీటిని పట్టుకునే గొట్టాల) రోజెట్, అంటే వాటిని గుండ్రంగా అమర్చిన చట్రం, సముద్రం నుంచి డెక్ మీదికి వచ్చిన తరువాత ఒక్క గంట పక్కన నిలబడితే ఈ సంగతి మీకే బోధపడుతుంది. ఎవరు ముందు నీళ్లు పట్టుకోవాలన్నదానికి అక్కడ కచ్చితమైన వరుస ఉంటుంది: గాలి తగిలితే మారిపోయే కరిగిన వాయువులు ముందు, ఆ పైన అకర్బన కార్బన్, తరువాత పోషకాలు, చివరగా లవణీయత. అదే సీసాలో మిగిలిన నీటి కోసం జీవ శాఖవారు డబ్బాలు పట్టుకుని ఎదురుచూస్తుంటారు.

ఆక్సిజన్ నమూనా తీయడమే చూడండి. గొట్టాన్ని గాజుసీసా అడుగుకంటా దించి, సీసాకు మూడింతల నీరు పొర్లిపోయేదాకా వదిలి, గొట్టాన్ని మెల్లగా పైకి తీసి, మాంగనీస్ క్లోరైడ్, క్షార అయోడైడ్ ద్రావణాలను వేసి, బుడగ చిక్కకుండా మూత బిగించి తలకిందులు చేస్తూ కలపాలి. ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమ రంగు మడ్డి మబ్బులా విచ్చుకుంటుంది. ఆక్సిజన్ లేని నీటిలో అది తెల్లగానే ఉండిపోతుంది. రసాయన శాస్త్రవేత్త వింక్లర్ 1888లో ప్రచురించిన ఈ పద్ధతితోనే ఇవాళ్టికీ ఎలక్ట్రానిక్ సెన్సార్లను సరిచూస్తున్నాము. నా మొదటి యాత్రలో గొట్టంలో నక్కిన ఒక బుడగను గమనించలేదు. ఆక్సిజన్ అతి తక్కువగా ఉండవలసిన పొరలో విలువ పెరిగి కనిపిస్తే, ఏదో కొత్త విషయం కనిపెట్టానని రెండు రోజులు మురిసిపోయాను. అదే నిస్కిన్ సీసా నుంచి జంటగా తీసిన రెండో నమూనా విలువ కలవకపోవడంతో ఆ భ్రమ తొలగింది. ప్రయోగశాల అలవాటు లేదన్న మీ భయానికి ఇదే జవాబు: చేతివాటం కొన్ని వారాల్లో వస్తుంది, జంట నమూనా తీయాలన్న అనుమానబుద్ధి రావడమే ఆలస్యం. ఇక ఓడ విషయానికి వస్తే, చాలామందికి రెండు మూడు రోజుల్లో శరీరం అలవాటు పడుతుంది; మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు, ఓడ కదలకముందే వేసుకోవాలి.

అంతర్తరంగం:

మీ ప్రశ్నలో ‘ఎంత’ అన్న మాట ఉంది కనుక అది భౌతిక శాఖ గుమ్మం తొక్కక తప్పదు. లోతు పెరిగేకొద్దీ నీటి సాంద్రత పెరుగుతుంది కాబట్టి కింది నీరు పైకి రావడానికి శక్తి కావాలి. ఈ నిలువు మిశ్రమం, అంటే పై నీరూ కింది నీరూ కలవడం, ఎంత వేగంగా జరుగుతుందన్నదానిపై చాలాకాలం వాదన నడిచింది. లోతైన పసిఫిక్ లెక్కల ఆధారంగా సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ 1966లో సెకనుకు సుమారు ఒక చదరపు సెంటీమీటరు అని అంచనా కట్టారు. 1992లో జేమ్స్ లెడ్‌వెల్, సహచరులు ఉత్తర అట్లాంటిక్‌లో సుమారు 300 మీటర్ల లోతున సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువును జాడ తెలిపే గుర్తుగా వదిలి, అది నెలల తరబడి ఎంత పలుచగా వ్యాపిస్తుందో వెంబడించి కొలిస్తే, అందులో పదో వంతే తేలింది. భౌతిక శాఖ ప్రశ్నకు జవాబు రసాయన పద్ధతితో దొరికిందన్న సంగతి మీరు గమనించే ఉంటారు.

ఇప్పుడు చిన్న లెక్క వేయండి. 100 మీటర్లను వర్గం చేసి సెకనుకు 0.00001 చదరపు మీటర్లతో భాగిస్తే 100 కోట్ల సెకన్లు, అంటే 30 ఏళ్ల పైచిలుకు వస్తుంది. కేవలం మిశ్రమం మీద ఆధారపడి నైట్రేట్ 100 మీటర్లు ఎగబాకాలంటే పట్టే కాలం ఆ స్థాయిలో ఉంటుంది. అందుకే సుడులు సాంద్రతా పొరలను ఎత్తిపట్టినప్పుడు జరిగే సరఫరా, తుఫానులు చిలికే సరఫరా వంటివాటిని విడివిడిగా లెక్కించాలి. సుడుల వాటా పెద్దదని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని సహోద్యోగులు నాకు ఉన్నారు.

ఓడ ఎక్కకుండానే ఈ పని చేయవచ్చు. దాదాపు 4,000 ఆర్గో తేలియాడే పరికరాలు ఎక్కువగా పది రోజులకోసారి 2,000 మీటర్ల నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రతనూ లవణీయతనూ పంపుతున్నాయి. వాటిలో కొన్ని నైట్రేట్, ఆక్సిజన్, పీహెచ్, పత్రహరితం కూడా కొలుస్తాయి. ఆ సమాచారం ఎవరికైనా ఉచితం. అయినా ఒక్కసారైనా ఓడ ఎక్కమనే నా సలహా. సెన్సార్ ఎలా తప్పుతుందో చూడనివారు దాని అంకెలను మరీ గట్టిగా నమ్మేస్తారు.

ప్లవకం:

పై మిత్రుడు ‘పత్రహరితం కొలుస్తాయి’ అన్నారు. జీవ శాఖ తరఫున అక్కడే నా అభ్యంతరం. ఆ పరికరాలు కొలిచేది పత్రహరితాన్ని కాదు, అది వెలువరించే ప్రతిదీప్తిని, అంటే వెలుతురు పడినప్పుడు అది తిరిగి విడిచే కాంతిని. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉపరితలం దగ్గరి వృక్షప్లవకాలు (నీటిలో తేలుతూ పత్రహరితంతో బతికే సూక్ష్మజీవులు) అధిక వెలుతురును వేడిగా వదిలించుకుంటాయి కాబట్టి ప్రతిదీప్తి పడిపోతుంది. మీరు చూసిన గ్రాఫును ఏ వేళ తీశారో ముందు కనుక్కోండి. పైపొర వెలితిలో కొంత భాగం కేవలం వేళ వల్ల వచ్చినదై ఉండవచ్చు.

రెండో సంగతి, పత్రహరితం ఎక్కువైనంత మాత్రాన జీవులు ఎక్కువున్నట్టు కాదు. మసక వెలుతురులో బతికే కణం తన పత్రహరితాన్ని పెంచుకుంటుంది. ఉపఉష్ణమండల సముద్రాల్లో మీ గుట్టలో చాలా భాగం ఈ సర్దుబాటే. అక్కడ ఎక్కువగా ఉండే ప్రోక్లోరోకాకస్ అనే బాక్టీరియా కణం వెడల్పు సుమారు 0.6 మైక్రోమీటర్లు, మామూలు సూక్ష్మదర్శినికి చిక్కని ఈ జీవి సంగతి ఫ్లో సైటోమెట్రీని (కణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నుంచి పంపి లెక్కించే పద్ధతిని) ఓడ మీదికి తెచ్చాక, 1988లో వెలువడిన పత్రంతో లోకానికి తెలిసింది. కాబట్టి కణాలను లెక్కపెట్టే జీవ శాఖవారొకరు మీ సలహా సంఘంలో ఉండకపోతే, మీరు నైట్రేట్ సరఫరాను ఎంత చక్కగా లెక్కకట్టినా దాన్ని ఎవరు వాడుకున్నారన్నది మిగిలిపోతుంది.

తొలియేడు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. కనుక్కున్నాను: ఆ గ్రాఫు మధ్యాహ్నం పన్నెండున్నరకు తీసినదే. వడపోసి అసిటోన్‌లో కరిగించి కొలిచిన సీసా నమూనాల్లో కూడా గుట్ట ఉంది, కాకపోతే పైపొరతో తేడా గ్రాఫులో కనిపించినంత లేదు. మరో లోపం కూడా బయటపడింది: నైట్రేట్ సీసాలను 75, 100, 125, 150 మీటర్ల వద్ద మాత్రమే మూశారు. నైట్రేట్ పెరుగుదల మొత్తం పక్కపక్కనున్న రెండు సీసాల నడుమ ఎక్కడో జరిగిపోతోంది; ఆ వాలు ఎంత నిటారుగా ఉందో తెలియకుండా సరఫరాను లెక్కకట్టడం కుదరదు. భౌతిక శాఖ గైడ్‌ను, జీవ శాఖ నుంచి సహగైడ్‌ను అడగాలని నిశ్చయించుకున్నాను. వచ్చే యాత్రలో అక్కడ పది మీటర్లకొక సీసా కావాలని మొదటి ఏడాది విద్యార్థిని అడగవచ్చా?

వింక్లర్‌సీసా:

అడగవచ్చు, కానీ ఆ సీసాలు ఎవరి వాటా నుంచి వస్తాయో తెలుసుకుని అడగండి. 24లో మీకు నాలుగు ఎక్కువ ఇస్తే లోతు నీటి కార్బన్ కొలిచేవారు నాలుగు కోల్పోతారు. దానికి బదులుగా, 200 మీటర్ల వరకు మాత్రమే దించే వేరే రోజెట్ ఒకటి, వీలైతే రాత్రివేళ, కావాలని అడగండి. గంటలోపు పని, ప్లవకం గారు చెప్పిన ఎండ సమస్య కూడా ఉండదు. ఎన్ని స్టేషన్లు (నమూనాల కోసం ఓడ ఆగే చోట్లు), ఏ లోతులు, మొత్తం ఎంత ఓడ సమయం అన్నవి ఒక్క పేజీలో రాసి ముఖ్య శాస్త్రవేత్తకు ఇవ్వండి. యాత్రా ప్రణాళిక నెలల ముందే ఖరారవుతుంది కనుక గైడ్ నియామకం అయ్యేదాకా ఆగకుండా ఈ వారమే ఇవ్వడం మంచిది.