శవాన్ని బయటికి లాగడానికి కూలి అడగడం న్యాయమేనా?

చెరువుగట్టు_వారియర్:

నిన్న పొద్దున నాకు జరిగింది చెప్పి ఒక ప్రశ్న అడుగుతాను. ఈ ఆట తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ ఆటని ఆనాటి నిబంధనలతోనే నడిపే ప్రాజెక్ట్ 1999 సర్వర్‌లో ఆడుతున్నాను. ఇందులో మన పాత్ర చచ్చిపోతే కత్తి, కవచం, సంచులు, చేతిలో ఉన్న డబ్బు అన్నీ శవం మీదే ఉండిపోతాయి. మనం ఎక్కడో ఊళ్ళో ఒంటి మీద ఏమీ లేకుండా లేస్తాం. పడిన చోటికి మళ్ళీ మనమే వెళ్ళి అన్నీ తీసుకోవాలి. వారంలోపు తీసుకోకపోతే శవంతోపాటు సరుకంతా మాయమైపోతుంది.

నాది 14వ లెవెల్ వారియర్. బిఫాలెన్ అనే నేలమాళిగ కింది అంతస్తులో పోయాడు. అస్థిపంజరాలు నాలుగు ఒకేసారి మీద పడ్డాయి. నాతో వచ్చిన ఇద్దరికీ గేట్ మంత్రం (చటుక్కున తమ చోటికి చేర్చేది) ఉంది కాబట్టి తప్పించుకున్నారు. వాళ్ళను తప్పు పట్టను, నేనే వెళ్ళిపొమ్మన్నాను. కానీ బిఫాలెన్‌లో తలుపులకు తాళాలుంటాయి. ఆ తాళంచెవులు నా శవం మీదే ఉన్నాయి. అంటే శవం దగ్గరికి వెళ్ళాలంటే తాళంచెవి కావాలి, తాళంచెవి కావాలంటే శవం దగ్గరికి వెళ్ళాలి.

ఫ్రీపోర్ట్ ఊళ్ళో లేచి, బ్యాంకులో ఉన్న 60 ప్లాటినం నాణేలు తీసుకుని, ఆటగాళ్ళు కూడే తూర్పు కామన్‌ల్యాండ్స్ సొరంగంలో సాయం కావాలని అరిచాను. ఒక రోగ్, అంటే నక్కి తిరిగే దొంగ పాత్ర ఆడేవాడు, వచ్చాడు. 50 అన్నాడు, సరేనన్నాను. శవాన్ని లాగడానికి అతనికి కన్సెంట్ ఇచ్చి, బిఫాలెన్ గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఇరవై నిమిషాల తర్వాత మెసేజ్ వచ్చింది: "సగం దూరం తెచ్చాను. ఇక్కడ ప్రమాదం ఎక్కువగా ఉంది. 100 అవుతుంది." నా దగ్గర 60 మాత్రమే ఉందని చెప్పాను. శవాన్ని నడవ మధ్యలో వదిలేసి వెళ్ళిపోయాడు.

చివరికి ఎవరో ముక్కూమొహం తెలియని రోగ్ రూపాయి తీసుకోకుండా బయటికి లాగి ఇచ్చింది. పేరు అడిగేలోపే వెళ్ళిపోయింది.

నా ప్రశ్న ఇది. ఒంటి మీద గుడ్డ లేకుండా నిలబడిన మనిషి దగ్గర ముందుగా రేటు మాట్లాడటం అసలు సబబేనా? నా మటుకు నాకు తప్పనే అనిపిస్తోంది. అయ్యాక ఇష్టమున్నంత ఇవ్వడం వేరు. మన ఊళ్ళో ఎవరైనా పోతే మోయడానికి వచ్చే నలుగురూ "మనిషికింత" అని బేరం పెట్టరు కదా.

పాత_నెక్రో:

తమ్ముడూ, నీకు జరిగింది అన్యాయం, అందులో రెండో మాటకు తావు లేదు. కానీ నువ్వు అడిగిన ప్రశ్న వేరు, నీకు జరిగింది వేరు. మాట మీద నిలబడకపోవడం తప్పు. కూలి అడగడం తప్పు కాదు.

నేను నెక్రోమాన్సర్‌ని, శవాల మీద మంత్రాలు వేసే పాత్ర. 39వ లెవెల్‌లో మాకు సమన్ కార్ప్స్ మంత్రం వస్తుంది. చచ్చినవాడు నా గ్రూపులో ఉండి, నేనూ అతనూ శవమూ ఒకే జోన్‌లో (ఆటలో ఒకే ప్రాంతంలో) ఉంటే, శవాన్ని నా కాళ్ళ దగ్గరికి రప్పించగలను. వేసిన ప్రతిసారీ ఒక శవపేటిక ఖర్చవుతుంది. అది నేను నా డబ్బుతో కొనుక్కోవాలి. పేటిక ఒక్కటే కాదు, నేను ఆడుతున్న చోటు వదిలి రావాలి, జోన్లు దాటాలి, నీ కోసం ఆగాలి. నా గంట పోతుంది. నేనే చస్తే నా ఎక్స్‌పీరియన్స్ (లెవెల్ పెంచే పాయింట్లు) పోతుంది, అప్పుడు నా శవం కోసం నేను వెతుక్కోవాలి.

నువ్వు నలుగురి మాట తెచ్చావు. నేను కాటికాపరి మాట తెస్తాను. హరిశ్చంద్రుడు కాటిలో కావలి ఉండి, సొంత కొడుకు లోహితాస్యుడి శవాన్ని మోసుకొచ్చిన చంద్రమతిని కూడా కాటి సుంకం అడిగాడు. ఎందుకు? అది అతని పని, మాట ఇచ్చాడు కాబట్టి. ఆయన్ని మనం సత్యసంధుడని కొలుస్తున్నాం, కసాయి అనలేదు.

చెరువుగట్టు_వారియర్:

అన్నా, హరిశ్చంద్రుడు అడిగిన సుంకం అతనిది కాదు, యజమాని వీరబాహుడిది. అడుగుతున్నంతసేపూ అతని గుండె పగిలింది. నా దగ్గర 50 అడిగినవాడు పక్క చాట్ కిటికీలో ఇంకొకడితో బేరమాడుతున్నాడు. రెండూ ఒకటి కావు.

సీమ_కత్తి:

నేనూ రోగ్‌నే. బయట నిలబడినవాళ్ళకు కనిపించని పని ఒకటి చెబుతాను.

శవం లాగడమంటే తాడు కట్టి ఈడ్చుకొస్తామని చాలామంది అనుకుంటారు. కాదు. నక్కి, దాక్కుని, నాలుగడుగులు వేసి, కార్ప్స్ కమాండ్ కొడితే శవం ఎగిరి మన దగ్గర పడుతుంది. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ కమాండ్. బిఫాలెన్ లాంటి చోట ఒక మలుపు దాటడానికే పదిసార్లు కొట్టాలి. మధ్యలో హైడ్ (దాక్కునే నేర్పు) ఫెయిలైతే, అది పనిచేసిందో లేదో చూసుకోకుండా అడుగు వేస్తే, ఆ నడవలో ఉన్నవన్నీ మన మీదికి వస్తాయి. తాళాలు మాకు తెరవడం వచ్చు కాబట్టే అందరూ మమ్మల్ని పిలుస్తారు, కానీ తాళం తీస్తున్నప్పుడు వెనక ఎవరొస్తున్నారో చూసేవాడు ఉండడు. ఆ ఇరవై నిమిషాలూ ఒకటే టెన్షన్.

అయినా నేను రేటు చెప్పను. ఎందుకంటే 8వ లెవెల్లో నేను పోయినప్పుడు నన్ను బయటపడేసిన మాంక్ (సన్యాసి పాత్ర) నాకు రేటు చెప్పలేదు. ఇస్తే తీసుకుంటాను. ఇవ్వకపోతే గుర్తుపెట్టుకోను.

మధ్యలో వదిలేసినవాడి గురించి మాత్రం ఒక మాట. ఉన్నచోట ఉంటే శవం ఎక్కడుందో చచ్చినవాడికి తెలుసు. నడవ మధ్యలో వదిలేస్తే, సాయానికి వచ్చే రెండోవాడు దాన్ని వెతుక్కోవాలి. సాయం చేయకపోవడం కన్నా అది ఘోరం. మా రోగ్‌లకే చెడ్డపేరు.

స్టార్మ్‌విండ్_రాజు:

మీరంతా ఇంత బాధ పడుతున్నారు, నాకు నిజంగా అర్థం కాక అడుగుతున్నాను. 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చినప్పుడే ఈ గొడవ తీరిపోయింది కదా? చస్తే శ్మశానంలో ఆత్మగా లేస్తాం, పరుగెత్తుకెళ్ళి శవం దగ్గర మళ్ళీ ప్రాణం పోసుకుంటాం. సామాన్లు ఎక్కడికీ పోవు, కాస్త అరుగుతాయి అంతే. వెళ్ళలేని చోటైతే శ్మశానంలో ప్రాణం పోసే స్పిరిట్ హీలర్ దగ్గరే లేవచ్చు, అరుగుదల ఎక్కువ, పదినిమిషాలు నీరసం. ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రి గంటసేపు ఆడేవాడికి ఆ గంట శవం వెతకడానికే పోతే అది ఆటెలా అవుతుంది? కూలి న్యాయమా కాదా అని కాదు, కూలి అవసరం పడే ఆటే అన్యాయం అంటాను.

పాత_నెక్రో:

రాజు గారూ, మీ సర్వర్‌లో కూడా అవతలి వర్గంవాడు మీ శవం మీద కూర్చుని లేచినప్పుడల్లా చంపుతుంటే ఎవర్నో ఒకర్ని పిలుచుకోవాల్సి రాలేదా?

స్టార్మ్‌విండ్_రాజు:

వచ్చింది. ఒప్పుకుంటాను. కానీ అప్పుడు మావాళ్ళు ఎవరూ డబ్బు అడగలేదు, పగతో వచ్చారు.

డల్లాస్_క్లెరిక్:

నేను ఈ ఆట కొత్తగా ఉన్నప్పుడు ఆడినవాణ్ణి. 2000లో టెక్సాస్‌లో ఎంఎస్ చేస్తున్నాను. డయలప్ కనెక్షన్. రూమ్మేట్ ఫోన్ ఎత్తితే లైన్ తెగేది, లైన్ తెగితే పాత్ర అక్కడే నిలబడి తన్నులు తినేది. అట్లా చచ్చినవి లెక్కలేదు.

ఒక రాత్రి మా గిల్డ్ (ఎప్పుడూ కలిసి ఆడే జట్టు) ప్లేన్ ఆఫ్ ఫియర్ అనే ప్రమాదకరమైన జోన్‌కి వెళ్ళింది. ఫీరోట్ అడవిలో ఉన్న ద్వారం గుండా లోపలికి పోవాలి, 46వ లెవెల్ ఉంటేనే రానిస్తుంది. అడుగు పెట్టిన చోటే పెట్టిన క్షణాన అక్కడి రాక్షస జీవులు మీద పడతాయి. పది నిమిషాల్లో మేమందరం పడిపోయాం. ఇప్పుడాలోచించండి. అందరి కవచాలూ లోపల ఉన్నాయి. బయట అడవిలో ఉత్త ఒంటితో నిలబడి ఉన్నాం. లోపలికి వెళితే మళ్ళీ చావడమే, చచ్చిన ప్రతిసారీ ఎక్స్‌పీరియన్స్ పోతుంది. 46 అంచున ఉన్నవాడు ఇంకోసారి చస్తే లెవెల్ పడిపోతుంది, పడిపోతే ఆ ద్వారం అతన్ని రానివ్వదు, అతని శవం ఇక ఇతరుల దయ.

ఒక మాంక్ వెళ్ళాడు. ద్వారం దాటగానే ఫెయిన్ డెత్ కొట్టి చచ్చినట్టు పడుకున్నాడు. మాకు బయట ఏమీ తెలియదు, చాట్‌లో అతను రాసేదే చూస్తున్నాం. "పడుకున్నాను." రెండు నిమిషాలు నిశ్శబ్దం. "లేస్తున్నాను." "ఒకటి లాగాను." మళ్ళీ నిశ్శబ్దం. అట్లా ఒక్కొక్క శవాన్నీ గోడ మూలకు చేర్చాడు. ముందు క్లెరిక్‌ల (చచ్చినవాళ్ళను మంత్రంతో లేపే పూజారి పాత్రల) శవాలు, ఎందుకంటే మేము లేస్తే మిగతావాళ్ళను లేపగలం. పెద్ద లెవెల్ క్లెరిక్ లేపితే పోయిన ఎక్స్‌పీరియన్స్‌లో 90 శాతం, ఇంకా పైమంత్రంతో 96 శాతం తిరిగి వస్తుంది. నా శవం మూలకు చేరేసరికి తెల్లవారుజామున నాలుగైంది. పొద్దున తొమ్మిదికి నాకు మిడ్‌టర్మ్. వెళ్ళి రాశాను. ఏం రాశానో గుర్తు లేదు, మూలన వరసగా పడి ఉన్న ఆ శవాలు మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి.

ఆ మాంక్‌కి ఎవరూ పైసా ఇవ్వలేదు. అతనూ అడగలేదు. కానీ ఒకటి నిజం: అది గిల్డ్. రేపు అతను పడితే మేం వెళతాం. దారిన పోయేవాడికి ఆ రేపు లేదు. అందుకని పరాయివాడు డబ్బు అడిగితే నాకు కోపం రాదు. నాకు కోపం వచ్చేది వేరే చోట. సరుకు కొన్నప్పుడు బేరం కుదరకపోతే పక్క కొట్టుకి పోతాం. శవం లోపలుండి, కన్సెంట్ ఒకడికిచ్చి, రోజులు తరిగిపోతుంటే పక్క కొట్టు ఎక్కడుంది? ఆ స్థితిలో చెప్పే రేటుకి "సరే" అన్నా అది ఒప్పందం కాదు. ముందు చెప్పినా అంతే, మధ్యలో పెంచినా అంతే. మధ్యలో పెంచినవాడు ఇంకాస్త సిగ్గు విడిచాడు, అంతే తేడా.

పాత_నెక్రో:

ముందు చెప్పినా అంతే అనడం నేను ఒప్పుకోను అన్నగారూ. అర్ధరాత్రి ఆటోవాడు మీటరు మీద ఎక్కువ అడుగుతాడు. అడగకూడదని మీరు చట్టం పెడితే అర్ధరాత్రి ఆటోనే ఉండదు. నేను రేటు చెప్పడం వల్లే నేనంటూ ఒకణ్ణి ఉన్నానని జనానికి తెలుసు. నా పేరు స్నేహితుల లిస్టులో పెట్టుకున్నవాళ్ళున్నారు. దయ మీద బతకడం కన్నా రేటు మీద బతకడం చచ్చినవాడికే గౌరవం. ఇచ్చాం, తీసుకున్నాం, తల వంచక్కర్లేదు.

సీమ_కత్తి:

ఈ మాట మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. ఊరికే లాగి ఇచ్చినప్పుడు కొందరు నాకు వారాల తరబడి సారీలు, థాంక్సులు పంపుతుంటారు. వాళ్ళకు అది బరువుగా ఉందని అర్థమవుతుంది. పది ప్లాటినం తీసుకుని ఉంటే వాళ్ళు హాయిగా ఉండేవారేమో.

బ్రిటానియా_బాట:

ఒక్క సంగతి కలపనివ్వండి. 1997 నాటి అల్టిమా ఆన్‌లైన్‌లో నా శవాన్ని దారిన పోయే ఎవడైనా దోచుకోవచ్చు. నేను ఆత్మగా పక్కనే నిలబడి "ఊఊ" అంటూ చూస్తుండాలి, నా మాట బతికున్నవాళ్ళకు అర్థం కాదు. సాయానికి వచ్చినవాడే సంచి విప్పుకునిపోయాడు. మీ ఆటలో కన్సెంట్ ఇచ్చినా లాగడమే తప్ప తీసుకోవడం కుదరదు. నిబంధన సగం కాపలా కాస్తోంది. మీరు మిగతా సగం గురించి పోట్లాడుకుంటున్నారు. ఆ సగాన్ని మనుషులకు వదిలేశారు కాబట్టే ఈ ఆట ఇంకా ఆడాలనిపిస్తుంది.

స్టార్మ్‌విండ్_రాజు:

అది మాత్రం నిజం. మా దగ్గర నన్ను లేపినవాళ్ళ పేరు ఒక్కటీ గుర్తు లేదు. 2023లో హార్డ్‌కోర్ సర్వర్లు వచ్చాక అక్కడ చస్తే పాత్రే పోతుంది, తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. నాది 31వ లెవెల్‌లో పోయింది. ఎవరినైనా పిలవాలనిపించింది, పిలిచి చేసేదేమీ లేదు. మీ బిఫాలెన్ కథ చదువుతుంటే, అప్పుడు నాకూ ఒక గుమ్మం ఉండి, అక్కడ నిలబడి ఎదురుచూసే వీలుంటే బాగుండేదనిపించింది. అయినా గంటసేపు ఆడేవాడి గురించి నేనన్నది వెనక్కి తీసుకోను.

చెరువుగట్టు_వారియర్:

నెక్రో అన్నా, గౌరవం గురించి మీరన్నది రాత్రంతా ఆలోచించాను. నన్ను ఊరికే బయటపడేసిన ఆమె ముందు నాకు తల వంచుకున్నట్టు అనిపించలేదు. 50కి సరే అన్నప్పుడు అనిపించింది. మీకు డబ్బు ఇచ్చినవాళ్ళకు ఎలా అనిపించిందో వాళ్ళే చెప్పాలి. మీ పేటిక ఖర్చు మాత్రం న్యాయం, దానికి నేను అడ్డు చెప్పను. మీ గంటకు ధర కట్టడం దగ్గరే నాకు గొంతు పట్టేస్తోంది.

కొత్తగా_వచ్చా:

అన్నయ్యలూ, అక్కలూ, మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోకండి. నాది 11వ లెవెల్ మెజీషియన్. బిఫాలెన్‌లోనే బావి లాంటి గోతిలో కాలు జారి కిందపడి పోయాను. ఇవాళ్టికి ఐదో రోజు. సొరంగంలో రెండుసార్లు అరిచాను, ఇంగ్లీషులో సరిగ్గా రాయలేక ఊరుకున్నాను. నా దగ్గర 9 ప్లాటినం ఉంది. ఎవరైనా వస్తారా?

సీమ_కత్తి:

రేపు పొద్దున ఆరుకి వస్తాను. గుమ్మం దగ్గర ఉండు చెల్లీ. గోతి ఏ వైపుదో గుర్తుందా?

పాత_నెక్రో:

ఆ గోతిలోంచి లాగడానికి నీకు గంట పడుతుంది కత్తీ. నన్ను గుమ్మం దాకా తీసుకెళ్ళు, లోపల అడుగు పెట్టి పిలుస్తాను, ఒక్క మంత్రం. అమ్మాయీ, నా గ్రూపులో చేరు. పేటిక ఖర్చు మాత్రం తీసుకుంటాను.

చెరువుగట్టు_వారియర్:

పేటిక ఖర్చు నేనిస్తాను అన్నా. ముందు నడవలో అస్థిపంజరాలను నేను ఆపుతాను, ఇప్పుడు ఏ మూల ఎన్ని నిలబడతాయో నాకు తెలుసు.