అమ్మగారి టిష్యూ వాల్వు: పదేళ్లు దాటాక ఎకో ఏటా అవసరమా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు): రుమాటిక్ జ్వరం వల్ల పాడైన మైట్రల్ వాల్వును (గుండె ఎడమవైపు పై, కింది గదుల మధ్య ఉండే కవాటం) తీసేసి, 2015లో మా అమ్మగారికి టిష్యూ వాల్వు (జంతు కణజాలంతో చేసినది) అమర్చారు. అప్పుడు ఆమె వయసు 54. ఇప్పటికీ ఆయాసం లేదు. బాగానే ఉన్న మనిషికి ఏటా ఎకో (గుండె స్కానింగ్) ఎందుకని బంధువులు అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం (విజయవాడ): తప్పకుండా తీయించండి. టిష్యూ వాల్వు సాధారణంగా పది నుంచి పదిహేనేళ్లు పనిచేస్తుంది, కానీ చిన్న వయసులో అమర్చినవారిలో త్వరగా అరుగుతుంది. పైగా మైట్రల్ స్థానంలోని వాల్వు, గుండె ముడుచుకున్న ప్రతిసారీ పూర్తి ఒత్తిడిని మూసుకుని తట్టుకోవాలి గనుక, అయోర్టిక్ స్థానంలోని (గుండె నుంచి రక్తం ఒంటికి వెళ్లే చోటి) దానికంటే ముందే దెబ్బతినే అవకాశం ఎక్కువ. రెక్కలపై సున్నం పేరుకుని బిగుసుకోవడమో, చిరిగి లీకు కావడమో చాలాకాలం ఏ లక్షణమూ లేకుండానే సాగుతుంది. అమెరికా మార్గదర్శకాలు కూడా పదేళ్ల తర్వాత ఏటా ఎకో చేయించమనే చెబుతున్నాయి.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన కాగితం ఆపరేషన్ తర్వాత తీసిన తొలి ఎకో రిపోర్టు. ఈనాటి గ్రేడియెంట్ (వాల్వుకు అటూ ఇటూ ఉండే ఒత్తిడి తేడా) అంకె ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. నాటి అంకెతో పోల్చినప్పుడే మార్పు తెలుస్తుంది. మైట్రల్ గ్రేడియెంట్ నాడి వేగాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి, రిపోర్టులో హార్ట్ రేటు కూడా రాయమని అడగండి. ఛాతీ మీద నుంచి తీసిన ఎకోలో స్పష్టత లేకపోతే గొట్టాన్ని గొంతులోకి పంపి తీస్తారు.

ఎకో తేదీ వచ్చేదాకా ఆగకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వచ్చినా, పాదాలు వాచినా వెంటనే చూపించండి. కారణం తెలియని జ్వరం తగ్గకుండా ఉంటే, మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేయకండి. ముందుగా రక్తంలో క్రిములను వెతికే బ్లడ్ కల్చర్‌కు రక్తం ఇవ్వాలి, లేకపోతే వాల్వుకు సోకిన ఇన్ఫెక్షన్ దొరకకుండా పోతుంది. పన్ను తీయించే ముందు కూడా వాల్వు సంగతి దంతవైద్యులకు చెప్పండి.

మరో ప్రశ్న (తెనాలి): మా అన్నయ్యగారిది మెటల్ వాల్వు, అదీ మైట్రల్ స్థానంలోనే. రక్తం గడ్డకట్టకుండా ఏసిట్రోమ్ అనే మందు వాడుతున్నారు. గోంగూర, తోటకూర పూర్తిగా మానేయాలా?

సమాధానం: అక్కర్లేదండి. ఆకుకూరల్లోని విటమిన్ కె మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది గనుక, ఒక వారం మానేసి మరో వారం రోజూ తినకుండా, ఎప్పుడూ ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. మెటల్ వాల్వు దశాబ్దాలు నిలుస్తుంది. దానికి అసలు ప్రమాదం రక్తం గడ్డకట్టడం. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే ఐఎన్ఆర్ అంకెను మైట్రల్ స్థానంలో సాధారణంగా 2.5, 3.5 మధ్య ఉంచుతారు. ఐఎన్ఆర్ పరీక్షల బెడద ఉండదని, రక్తం గడ్డకట్టకుండా వాడే డాబిగాట్రాన్ వంటి వేరే మందులకు మారకండి. మెటల్ వాల్వు ఉన్నవారిలో ఆ మందుతో గడ్డలూ రక్తస్రావాలూ ఎక్కువయ్యాయని 2013లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ బిళ్లలు కూడా డాక్టరుగారిని అడగకుండా వేయకండి.